గోతిలో కుళాయి

మూడు సీసాలు నల్లబడ్డాయి. మూడూ ఒకే గోర్జిలో, అంటే ఒకే సన్నని సందులో, పట్టిన నీళ్లు.

శ్రీకాకుళం జిల్లాలో నాగావళి ఒడ్డున ఉన్న ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. వాంతులు, విరేచనాలని టీవీలో ఒక్క పూట చూపించినందుకే చుట్టాలు ఆ ఊరికి రావడం మానేశారు. దసరా వెళ్లి వారమైంది. వాన పడుతోంది, ఆగుతోంది, మళ్లీ పడుతోంది. బడిలో బెంచీలు పక్కకి జరిపి మంచాలు వేశారు, కిటికీ ఊచలకి సెలైన్ సీసాలు కట్టారు. నేను వెళ్లేసరికే ముప్పై మందికి పైగా పడ్డారు. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. ఈ సంగతి ఎవరికి చెప్పినా మధ్యలో ఆపి అదే అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

నేను ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీర్‌ని. సివిల్‌లో బీటెక్ చేసి, ఎంటెక్ ఇందులో చేశాను. తాగునీటి నాణ్యత చూసే కాంట్రాక్టు ఉద్యోగం. పెళ్లి సంబంధాల వాళ్లకి మా పిన్ని నాది చెట్లు నాటే ఉద్యోగమని చెబుతుంది. మురుగుకాలువల ఇంజనీరంటే సంబంధం తప్పిపోతుందని ఆవిడ భయం. ఏడాదిలో నేను ఎక్కువ రోజులు నిలబడేది మాత్రం ఆ కాలువల పక్కనే.

ఆ ఊరికి నీళ్లు వచ్చే దారి మామూలే. ఏటి ఇసుకలో దింపిన ఊట బావి, దాని మీద మోటారు, ఊరి మొదట్లో 40,000 లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు, అక్కడి నుంచి ఐదు వీధులకి పైపులు. పొద్దున్న ఆరింటికి ఆపరేటర్ వాల్వు తిప్పితే ఏడున్నర దాకా నీళ్లు. సాయంత్రం కరెంటుంటే ఇంకో అరగంట.

ఊట బావి అంటే నాకు గౌరవం. నాగావళికి వరద వచ్చినప్పుడు నీళ్లు ఎర్రమట్టి కలిపినట్టుంటాయి. అదే నీరు పది పన్నెండు అడుగుల ఇసుకలోంచి మెల్లగా దిగి బావిలోకి చేరేసరికి తేటపడుతుంది. పెద్ద ప్లాంటుల్లో పటిక వేసి, మడ్డిని గడ్డకట్టించి, అడుక్కి దించి, ఇసుక ఫిల్టర్లలో వడకట్టే పనిలో చాలా భాగం ఇక్కడ ఏరు ఊరికే చేసిపెడుతోంది. మా మామ్మ వరద రోజుల్లో కుండ లోపలి గోడకి చిల్లగింజ అరగదీసి నీళ్లు పోసేది. తెల్లారేసరికి మడ్డంతా అడుక్కి దిగేది. పటిక చేసే పనీ అదే. ఎంటెక్‌లో జార్ టెస్టు చేస్తూ, ఆరు బీకర్లలో వేర్వేరు మోతాదుల పటిక కలిపి ఏది తేటపడుతుందా అని చూస్తున్నప్పుడు నాకు ఆ కుండే గుర్తొచ్చేది. అయితే తేటగా ఉన్న నీరల్లా మంచి నీరు కాదు. ఏరు కూడా అంతవరకే చేస్తుంది, మా మామ్మ కుండా అంతవరకే చేసేది.

మొదటి రోజు నేను చేసింది పుస్తకంలో ఉన్న పనే. బావి దగ్గర ఒకటి, ట్యాంకు దగ్గర ఒకటి, వీధుల్లో ఆరు, మొత్తం ఎనిమిది చోట్ల నీళ్లు పట్టాను. కుళాయి మూతి తుడిచి, వేడిచేసి, మూడు నిమిషాలు నీళ్లు వదిలేసి, తర్వాత సీసాలో పట్టాలి. అలాగే పట్టాను. ఇవి హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలు. నీళ్లు పోసి మూత బిగించి ఒకటి రెండు రోజులు వదిలేస్తే, మలం కలిసిన నీరైతే నల్లబడుతుంది. ల్యాబులో చేసే పరీక్షంత కచ్చితం కాదు గానీ పల్లెలో ఇంతకన్నా నమ్మకమైన స్నేహితుడు లేడు.

సీసాలు పడుతుంటే చుట్టూ జనం చేరారు. ఒకాయన అడిగాడు, "ఏటమ్మా, మాకూ ఉద్దానం నీలేనా? కిడ్నీలు పోతాయా?"

మా జిల్లాలో నీళ్ల పెట్టె పట్టుకుని తిరిగేవాళ్లకి ఈ ప్రశ్న తప్పదు. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు, అంతమందికి కిడ్నీలు ఎందుకు దెబ్బతింటున్నాయో ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా ఒక్క కారణం తేలలేదు. హిరమండలం రిజర్వాయరు నుంచి అక్కడికి పైపుల్లో నీళ్లు పంపే పథకం మాత్రం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఇక్కడి జబ్బు వేరు, ఇది క్రిములతో వచ్చేది, నీళ్లు బాగా మరిగిస్తే అవి చస్తాయి, నీళ్లలో కరిగిన ఉప్పులు మరిగించినా పోవు అని చెప్పాను. ఆయన సగమే నమ్మాడు. "మాం ఆర్వో టిన్నులే తెచ్చుకుంటన్నాం" అన్నాడు. తాగడానికి టిన్ను, గిన్నెలు కడగడానికి కుళాయి, రాత్రి అన్నంలో పోసి ఉంచే నీళ్లూ కుళాయివే. ఆయన కోడలు బడిలో మంచం మీదుంది.

ఎనిమిది చోట్లా నీళ్లలో క్రిముల్ని చంపే క్లోరిన్ ఉందో లేదో చూశాను. క్లోరిన్ ఉంటే, డీపీడీ అనే పరీక్ష మాత్ర వేయగానే నీళ్లు గులాబీ రంగుకి తిరగాలి. ఒక్క చోటా తిరగలేదు. ఆపరేటర్ ముఖం పాలిపోయింది.

"రోజూ ఏస్తన్నాను మేడమ్. ఒట్టు. రెండు గుప్పిళ్లు."

అతను అబద్ధం చెప్పలేదు. పంపు గదిలో కిటికీ కింద బ్లీచింగ్ పౌడర్ బస్తా ఉంది. మూతి విప్పి ఎన్ని నెలలైందో, పౌడర్ గడ్డలు కట్టి వాసన కూడా లేదు. తాజా పౌడర్‌లో మూడో వంతు దాకా పనికొచ్చే క్లోరిన్ ఉంటుంది. తడి, వేడి, గాలి తగిలేకొద్దీ అది ఎగిరిపోయి సున్నం మిగులుతుంది. చిటికెడు పొట్లం కట్టి శ్రీకాకుళం ల్యాబుకి పంపితే సాయంత్రం ఫోన్ వచ్చింది. ఆరు శాతం.

లెక్క చూడండి. 40,000 లీటర్లకి లీటరుకి రెండు మిల్లీగ్రాముల చొప్పున అంటే 80 గ్రాముల క్లోరిన్ కావాలి. తాజా పౌడర్ అయితే 240 గ్రాములు చాలు. ఈ బస్తాలోదైతే కేజీ మూడు వందల గ్రాములు పోయాలి. పోసినా అందులో సగం, ట్యాంకు అడుగున సున్నపు బురదే అవుతుంది. అతను ఏడాది పొడుగునా ఊరికి సున్నం తాగించాడు. ఆ ఏడాదీ ఎవరూ ఆ బస్తా వైపు చూడలేదు. పౌడర్ వేశానని రిజిస్టర్‌లో రోజూ సంతకం ఉంది, ఆ సంతకాన్ని తనిఖీ చేసినవాళ్ల సంతకాలూ ఉన్నాయి. కుళాయి దగ్గర ఒక్క మాత్ర వేసి చూసినవాళ్లు లేరు.

ఆ రాత్రే కొత్త బస్తా తెప్పించాం. ట్యాంకు అడుగు కడిగించాం. పౌడర్‌ని బకెట్లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, సున్నం దిగాక పైన తేరుకున్న నీటిని మాత్రమే ట్యాంకులో పోయడం అతనికి చూపించాను. "ఇన్నాల్లూ పౌడరే దులిపీసినాను మేడమ్" అన్నాడు. అరగంట ఆగి చూస్తే మాత్ర గులాబీ రంగు తేలింది. కేసు అయిపోయిందనుకున్నాను. రాత్రి అంగన్‌వాడీ టీచరమ్మ ఇంట్లో ఉల్లిపాయల పులుసుతో అన్నం తిని హాయిగా పడుకున్నాను కూడా.

రెండో రోజు ట్యాంకు కింద క్లోరిన్ లీటరుకి 1.2 మిల్లీగ్రాములు ఉంది. మొదటి వీధిలో 0.8. నాలుగు వీధుల్లోనూ ఫరవాలేదు. ఐదోది, ఊరి చివర మెట్టన ఉన్న గోర్జిలో మాత్రం సున్నా. కుళాయి దగ్గర కనీసం 0.2 ఉండాలి, ఇలాంటి జబ్బుల రోజుల్లో 0.5 ఉండాలి. దారిలో క్లోరిన్‌ని ఏదో తినేస్తోంది. క్లోరిన్‌కి ఆకలి తీర్చేది ఎక్కువగా మురికే.

ఆ మధ్యాహ్నం ఏఎన్‌ఎం దగ్గర జబ్బుపడ్డవాళ్ల జాబితా తీసుకుని, ఊరి పటం చేత్తో గీసి ఇంటింటికీ చుక్క పెట్టాను. మూడొంతుల చుక్కలు ఆ గోర్జిలోనే పడ్డాయి. కానీ మొదటి రోజు అదే గోర్జిలో పట్టిన సీసాలు రెండు, ఇరవై నాలుగు గంటలు దాటినా నల్లబడలేదు. చాలాసేపు బుర్ర పట్టుకుని కూర్చున్నాను. ఒక దశలో నీళ్లది తప్పు కాదు, పండక్కి వండిన మాంసానిదే అని రిపోర్టు రాసేద్దామనుకున్నాను. సర్పంచి గారికీ ఆ మాటే ఇష్టం.

తప్పు నాదే. మూడు నిమిషాలు నీళ్లు వదిలేశాకే పట్టమని పుస్తకం చెప్పింది. పైపులో నీటి సంగతి తెలియాలంటే అది సరైన పద్ధతే. కానీ గోర్జిలో ఆడవాళ్లు మూడు నిమిషాలు వదలరు. గంటన్నర మాత్రమే వచ్చే నీటిని ఎవరు వదులుకుంటారు? మొదటి చుక్క నుంచీ బిందెలోకే. మొదటి నీళ్లలో ఉన్నది నేను కాలువలోకి వదిలేసి, తర్వాత వచ్చిన మంచి నీళ్లు సీసాలో పట్టుకుని వెళ్లాను.

మూడో రోజు తెల్లవారుజామున ఐదున్నరకే గోర్జి చివర చీకట్లో నిలబడ్డాను. పైపు ముందు బుస్సుమని గాలి వదిలింది. తర్వాత వచ్చినవి గుడ్డలు ఉతికిన నీళ్లలా ఉన్నాయి. మడ్డి కొలిస్తే 18 ఎన్‌టీయూ. తాగునీటిలో 1 దాటకూడదు, గత్యంతరం లేకపోతే 5 దాకా ఒప్పుకుంటారు. ఐదు నిమిషాలకి 7. ఇరవై నిమిషాలకి 2. మొదటి నీళ్లే మూడు ఇళ్ల దగ్గర పట్టాను. మర్నాటికి నల్లబడ్డ సీసాలు అవే.

వెలుతురు వచ్చాక కుళాయిలు చూశాను. చూశాను అంటున్నాను గానీ, అక్కడ కుళాయిలు లేవు. గోర్జి మెట్టన ఉంది, నీళ్లు పైకి ఎక్కవు. అందుకని ఇంటి ముందు మోకాలు లోతు గొయ్యి తవ్వి, నిలువు పైపు కోసేసి, గోతిలోనే నీళ్లు పడుతున్నారు. బిందె గోతిలో పెడితే నిండుతుంది. మొత్తం ఇరవై మూడు గోతులు లెక్కపెట్టాను. వానకి అన్నీ నిండి ఉన్నాయి. గిన్నెలు తోమిన నీళ్లు, కోళ్లు తొక్కిన బురద, పక్క కాలువలోంచి పొర్లిన మురుగు, అన్నీ అందులోనే. పైపు మూతి ఆ నీళ్లలో మునిగి ఉంది. కొందరు గుడ్డ కుక్కారు, కొందరు అదీ లేదు.

మొదటి గోతి పక్కన ఒక మామ్మ కూర్చుని పళ్లు తోముకుంటోంది.

"మామ్మా, నీళ్లు ఆగిపోయాక ఈ గోతిలో నీళ్లు ఎక్కడికి పోతాయి?"

"భూంలోకి ఇంకిపోతాయి. ఎక్కడికెల్తాయి?"

ఆవిడ ఇంట్లోంచి చెంబుడు నీళ్లు అడిగి, పసుపు కలిపాను. గోతిలో నీళ్లు తోడించి, పైపు మూతి కడిగి దానికి తేటైన చిన్న ప్లాస్టిక్ గొట్టం తొడిగి, రెండో చివర చెంబులో ముంచాను. ఏడున్నరకి ఆపరేటర్ వాల్వు కట్టాడు. పైపులో ఉన్న నీరంతా పల్లానికి జారడం మొదలుపెట్టింది. నీరు జారితే వెనక ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీ ఏది దొరికితే దాన్ని పీలుస్తుంది. గొట్టంలో పసుపు నీళ్లు మెల్లగా కదిలి పైకి ఎక్కాయి. తర్వాత గటగటా. ఎవరో దాహంతో తాగేస్తున్నట్టే చెంబు ఖాళీ అయిపోయింది.

"ఓలమ్మో" అంది మామ్మ. నోట్లో పుల్ల అలాగే ఉంది. "అయితే మరి పొద్దున్న బిందెలోకొచ్చేది..."

నేను ఏమీ అనలేదు. అప్పటికే గోర్జంతా గుమిగూడింది. నేను చదివిందంతా ఒక ఎత్తు, ఆ చెంబెడు పసుపు నీళ్లు ఒక ఎత్తు. మళ్లీ మళ్లీ చూపించమన్నారు గానీ నీళ్లు ఆగేది రోజుకి రెండుసార్లే.

కాలువలోకి మలం ఎలా వచ్చిందనేది వెతకడానికి ఎక్కువ సేపు పట్టలేదు. గోర్జిలో మరుగుదొడ్లు ఇంటింటికీ ఉన్నాయి, 2014లో మొదలైన స్వచ్ఛ భారత్ రోజుల్లో కట్టినవే చాలా వరకు. రెండు గుంతల పద్ధతి. ఒకటి నిండాక దాన్ని మూసి రెండో దానికి మళ్లించాలి, మూసినదాన్ని ఏడాదికి పైగా వదిలేస్తే లోపలిది మట్టిలా మారుతుంది. చాలా తెలివైన ఏర్పాటు, ఖర్చు తక్కువ, ఎవరూ చేతులు పెట్టక్కర్లేదు. కానీ మళ్లించే తొట్టె కట్టాలి. ఇక్కడ అది కట్టకుండా రెండు గుంతల్నీ పైపుతో వరసగా కలిపేశారు. మొదటిది నిండి రెండోదానిలోకి, రెండోది నిండి ఒక పైపులోంచి కాలువలోకి. రెండూ ఎప్పుడూ తడిగానే. సెప్టిక్ లారీ ఆ గోర్జిలోకి దూరదు. వాళ్లని ఏమని తప్పుపడతాం? కట్టించుకోమని వెంటపడ్డవాళ్లు నిండాక ఏం చేయాలో చెప్పలేదు.

గోతులు పూడ్చండి, కుళాయిలు రెండున్నర అడుగుల ఎత్తుకి లేపండి. సలహా అంతే. రిపోర్టులో ఒక్క వాక్యం. కానీ ఎత్తుకి లేపితే నీళ్లు రావు, అందుకేగా తవ్వారు! ముందు ఒత్తిడి పెంచాలి. దానికి పల్లంలో ఉన్నవాళ్ల నీళ్లు తగ్గించాలి. ఇక్కడి నుంచి నా చదువు పనికిరావడం మానేసింది.

సాయంత్రం రావిచెట్టు కింద కూర్చున్నాం. పల్లం వీధుల్లో పదకొండు ఇళ్లకి అర హెచ్‌పీ మోటార్లు నేరుగా కుళాయి పైపుకే బిగించి ఉన్నాయి. వాళ్లు లాగేకొద్దీ మెట్ట గోర్జికి నీళ్లు అందవు, పైగా గోతుల్లోంచి మురికిని కూడా వాళ్ల మోటార్లే లాగుతాయి. ఆ మాట చెప్పాను. ఊళ్లో కాస్త ఉన్నవాళ్లవే ఆ మోటార్లు. ఒక పెద్దాయన కండువా దులిపి, "మా డబ్బులెట్టి మాం కొనుక్కున్నాం, మీరెవురమ్మా తియ్యమండానికి?" అన్నాడు. మెట్ట గోర్జి వాళ్లు లేచారు. ఏవో పాత పొలం గట్టు తగాదాలు కూడా బయటికొచ్చాయి. అరగంట సేపు నీళ్ల మాటే లేదు.

తేల్చింది డ్వాక్రా సంఘం లీడరు. మా జిల్లాలో పెద్దక్కని అప్ప అంటాం, నేనూ అలాగే పిలిచాను. ఆవిడది పల్లం వీధే. "మావా, నీ మనవడు బడిలో సెలైన్ ఎక్కించుకుంటన్నాడు. ఆల గోతిలో నీలు నీ మోటారే లాక్కొచ్చినాది. పసుపు సూసినావు కదా" అంది. పెద్దాయన మాట్లాడలేదు. ఒప్పుకున్నట్టు కాదు, కానీ మాట్లాడలేదు.

నీళ్లని వంతులు చేశాం. ఆరు నుంచి ఆరూ నలభై దాకా మెట్ట గోర్జికి మాత్రమే, తర్వాత మిగిలిన వీధులకి. అందుకు ఆ గోర్జికి వెళ్లే పైపు మీద వాల్వు ఉండాలి. పటంలో ఉంది, నేల మీద లేదు. సిమెంటు రోడ్డు వేసినప్పుడు కప్పేశారని ఆపరేటర్ చెప్పాడు. ఎక్కడుందో అతనికి తప్ప ఎవరికీ గుర్తులేదు. కిరాణా కొట్టు అరుగు నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి ఒక చోట ఆగాడు. గునపంతో రోడ్డు పగలగొడితే తుప్పుపట్టిన వాల్వు బయటపడింది. అది తిరగడానికి కిరసనాయిలు పోసి ఒక రాత్రి ఉంచాల్సి వచ్చింది.

కాలువ దాటే చోట పైపు మురుగులోంచి పోతోంది, జాయింటు కారుతోంది. దాన్ని మదుం పైకి ఎత్తి ఇనుప గొట్టంలోంచి తీయించడానికి మాత్రం నలభై రోజులు పట్టింది. ఆ కాగితం ఎన్ని బల్లల మీద పడుకుందో రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది.

వారం తర్వాత పదిహేడు గోతులు పూడాయి. ఆరు ఇళ్లవాళ్లు పూడ్చలేదు. మొదటి వంతులోనూ వాళ్లకి సన్నని ధారే వచ్చేది, వాళ్లని ఒప్పించే ముఖం నాకు లేదు. మోటార్లు పదకొండులో ఏడు తీశారు. పెద్దాయన తీయలేదు, కానీ ఆరూ నలభై తర్వాతే వేస్తున్నాడట.

ఆపరేటర్‌కి తక్కెడ ఇస్తే మూలన పడేస్తాడని, ఖాళీ కొబ్బరినూనె డబ్బాలో 240 గ్రాముల పౌడర్ పోసి, ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ మేకుతో గీత గీశాను. అప్ప చేతికి డీపీడీ మాత్రలు, రంగులు పోల్చే డబ్బా ఇచ్చాను. రోజూ గోర్జి చివర ఇంట్లో మొదటి నీళ్లు పట్టి, మాత్ర వేసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాలి. మొదట్లో "గులాబీ వొచ్చినాది" అని రాసేది. తర్వాత రాయడం మానేసి ఫొటో ఒక్కటే. మందు వాసనకి అన్నం సయించట్లేదని గోర్జిలో గొడవ చేస్తే, నీళ్లు పట్టి మూత లేకుండా రెండు గంటలు ఉంచితే వాసన తగ్గుతుందని ఆవిడే వాళ్లకి చెప్పింది. పైన పల్చని గుడ్డ కట్టమనడం నేను మర్చిపోతే ఆవిడే చేర్చింది.

ఐదు నెలలు రోజూ పొద్దున్నే ఏడింటికి నా ఫోన్లో గులాబీ రంగు. ఎప్పుడైనా పలచబడితే నేను ఫోన్ చేసేలోపే ఆవిడ ఆపరేటర్ ఇంటి ముందు ఉండేది.

ఏప్రిల్లో ఒక రోజు ఫొటోలో నీళ్లు రంగు లేకుండా ఉన్నాయి. మర్నాడూ అంతే. మూడో రోజు ఫొటో కింద రాసింది: "మోటారు కాలిపోనాది. ట్యాంకరు నీలు తెస్తన్నారు. మెట్టోల్లు గోతులు మల్లీ తీస్తన్నారు."

ట్యాంకరులో ఎంత మందు వేశారని అడిగాను. "మందా?" అని వచ్చింది.

మాత్రల అట్టలు రెండు, సీసాలు పది సంచిలో వేసుకుని కాంప్లెక్స్‌కి బయల్దేరాను. బస్సు ఎక్కాక గుర్తొచ్చింది, పసుపు వాళ్లింట్లోనే దొరుకుతుందిలే.